పద్నాలుగు రోజుల దగ్గర ఆగిపోయిన లెక్క: ఒక పారిశుధ్య కార్మికుల సమ్మె నోటీసు కేసు

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ఉన్న మా ఆఫీసుకు ఆ రోజు ఏడుగురు వచ్చారు. ఐదుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. జిల్లాలోని ఒక మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే పారిశుధ్య కార్మికులు. పొద్దున నాలుగున్నరకు పనికెక్కి, పదకొండుకు దిగి, అట్నుంచి అటే బస్సెక్కి వచ్చారు. యూనియన్ కార్యదర్శి ప్లాస్టిక్ కవర్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కమిషనర్‌కు ఇచ్చిన వినతిపత్రం జిరాక్స్. రెండోది ఏజెన్సీ సూపర్‌వైజర్ చేత్తో రాసిచ్చిన జీతం లెక్క. నాలుగు రోజులు సమ్మె చేసినందుకు పన్నెండు రోజుల జీతం కోశారు.

"నాలుగు దినాలకు నాలుగు దినాలు కోస్తే అర్థముంది సారూ. ఇంకో ఎనిమిది ఏడికెళ్ళి వచ్చినయ్?" అని అడిగింది వాళ్ళలో పెద్దావిడ.

ఆ ఎనిమిది సంగతి తర్వాత చెప్తాను. మా దగ్గర యూనియన్ నాయకుల్లో చాలామందికి సమ్మె నోటీసు అంటే ఒకటే అంకె తెలుసు: పద్నాలుగు రోజులు. ఆ అంకె తప్పు కాదు. దాని వెనకాల ఇంకో లెక్క ఉంది, మనల్ని ముంచేది అదే. ఈ కేసులో ఒకసారి వాళ్ళను ముంచింది, రెండోసారి నా అజాగ్రత్త వల్ల మళ్ళీ ముంచబోయింది. ఊరు, పార్టీలు గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు. కేసు నడిచింది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, అప్పటి మిగతా కార్మిక చట్టాల కింద; ఇక్కడ చెప్పే సెక్షన్లు ఆ పాత చట్టాలవే. కొత్త లేబర్ కోడ్ వచ్చాక ఏం మారిందో చివర్లో చెప్తాను.

మొదటి సమ్మె ఎక్కడ చెడింది

రెండు నెలల జీతం రాలేదు. పీఎఫ్ కోస్తున్నారు గానీ ఖాతాలో పడటం లేదు. 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం నెలకు 15,600 ఇవ్వాలని వాళ్ళ డిమాండు. లెటర్‌హెడ్ మీద ఇవన్నీ రాసి, కింద "పదిహేను రోజుల్లో పరిష్కరించని యెడల సమ్మెకు దిగుతామని తెలియజేయుచున్నాము" అని ముగించి, కమిషనర్‌కూ, చైర్మన్‌కూ ఇచ్చారు. ఫోటో కూడా దిగారు. పదహారో రోజు చీపుర్లు కింద పెట్టారు.

నాలుగో రోజుకు ఏజెన్సీ బయటి మనుషుల్ని, ట్రాక్టర్లను దింపింది. "చూసుకుందాం, ముందు పనికెక్కండి" అన్న నోటిమాట మీద వీళ్ళు లోపలికి వెళ్ళారు. కాగితం ఏమీ లేదు. వారం తిరక్కుండా తొమ్మిది మందికి చార్జిషీట్లు (యాజమాన్యం ఇచ్చే క్రమశిక్షణ నోటీసులు), నెల తిరిగేసరికి పన్నెండు రోజుల కోత. యూనియన్‌కు ఒక లాయర్ నోటీసు కూడా వచ్చింది, ట్రాక్టర్ల కిరాయి నష్టపరిహారంగా కట్టాలని.

ముందు ఆ వినతిపత్రం సంగతి. ఊళ్ళో చెత్త ఎత్తే పని చట్టం దృష్టిలో మామూలు పరిశ్రమ కాదు. సెక్షన్ 2(ఎన్)లో ప్రజోపయోగ సేవల జాబితా ఉంది. రైల్వే, కరెంటు, నీటి సరఫరా లాంటి వాటితో పాటు పారిశుధ్య వ్యవస్థ కూడా నేరుగా అందులోనే ఉంది. సిమెంటు, బట్టల మిల్లుల లాంటివైతే మొదటి షెడ్యూలులో ఉంటాయి. ప్రభుత్వం గెజిట్ ఇస్తేనే, అదీ ఒక్కో విడతకు ఆరు నెలలకు మించకుండా, అవి ప్రజోపయోగ సేవలవుతాయి. పారిశుధ్యానికి ఏ గెజిట్టూ అక్కర్లేదు. అసలు మున్సిపాలిటీ పని పరిశ్రమే కాదన్న వాదన ఇప్పటికీ కొందరు చేస్తారు గానీ, నాగపూర్ కార్పొరేషన్ కేసులో 1960లోనే సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది.

ప్రజోపయోగ సేవలో ఉన్నవాళ్ళు సమ్మె చేయాలంటే సెక్షన్ 22(1) దాటాలి. యజమానికి నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. ఇచ్చిన ఆరు వారాల లోపే సమ్మె మొదలవ్వాలి. నోటీసులో రాసిన తేదీ దాటాలి. కన్సిలియేషన్, అంటే లేబర్ అధికారి ఇరుపక్షాలనూ పిలిచి రాజీ కుదిర్చే ప్రయత్నం, నడుస్తున్నంత కాలం, అది ముగిశాక ఏడు రోజులు సమ్మె చేయకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా సమ్మె చట్టవిరుద్ధం.

వీళ్ళ వినతిపత్రంలో తేదీ లేదు. "పరిష్కరించని యెడల" అన్నది బెదిరింపు అవుతుంది గానీ నోటీసు కాదు. ఫలానా రోజు నుంచి పని ఆపుతాం అని ఉండాలి. పైగా అది ఎవరికిచ్చారు? చైర్మన్ రాజకీయ పదవిలో ఉన్నాయన, ఆయనకిస్తే పేపర్లో వస్తుందంతే. కాగితాల మీద యజమాని అయిన ఏజెన్సీకి ఇవ్వలేదు. లేబర్ ఆఫీసుకు అసలే ఇవ్వలేదు. "ఏజెన్సోడు హైదరాబాద్‌ల ఉంటడు సార్, మేము వాని మొకమే చూడలే" అన్నాడు కార్యదర్శి. నిజమే. జీతం ఏజెన్సీ ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా, అంటే ఏజెన్సీ ద్వారా పని చేయించుకునే అసలు సంస్థగా, మున్సిపాలిటీయే కట్టాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం సెక్షన్ 21(4) చెప్తుంది. అందుకని నోటీసు ఇద్దరికీ పోవాలి. ఒకరికే ఇస్తే రెండోవాడు వచ్చి "నేనే అసలు యజమానిని, నాకు అందలేదు" అంటాడు.

కాబట్టి మొదటి సమ్మె చట్టవిరుద్ధమే. ఈ మాట మొదటిరోజే వాళ్ళకు చెప్పాను. మొహాలు మాడ్చుకున్నారు. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె అప్పటి నుంచి మా జిల్లాలో ప్రతి కార్మికుడికీ ఒక భయం ఉంది, చట్టవిరుద్ధం అన్న మాట పడితే ఉద్యోగం పోయినట్టేనని. అలా ఉండదు. పాత చట్టంలో సెక్షన్ 26 కింద శిక్ష నెల రోజుల వరకు జైలు, లేదా యాభై రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1947లో పెట్టిన యాభై, ఎవరూ ముట్టుకోలేదు. దెబ్బ పడేది జీతం దగ్గర, చార్జిషీటు దగ్గర.

ట్రాక్టర్ల కిరాయి నోటీసుకు ఒక పేజీ జవాబు సరిపోయింది. ఇది రిజిస్టరయిన యూనియన్. వివాదంలో భాగంగా కార్మికుల చేత ఉద్యోగ ఒప్పందం తప్పించారన్న ఒక్క కారణంతో దాని మీద సివిల్ దావా నడవదని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం సెక్షన్ 18 చెప్తుంది. సమ్మె చట్టవిరుద్ధమైనా నష్టపరిహారం రాదని రోహ్తాస్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. రిజిస్ట్రేషన్ అంటే బోర్డు మీద నంబరు వేసుకోవడానికే అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. కొట్లాట, నిర్బంధం, ఆస్తి ధ్వంసం లాంటివాటికి మాత్రం ఈ రక్షణ లేదు.

ఇక ఆ ఎనిమిది రోజులు. వేతనాల చెల్లింపు చట్టం సెక్షన్ 9(2)లో ఒక మినహాయింపు ఉంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని, ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే, మానేసిన రోజుల మీద అదనంగా ఎనిమిది రోజుల వరకు కోయొచ్చు. ఏజెన్సీలో ఎవరో చదువుకున్న గుమస్తా ఉన్నాడు. కాకపోతే సగమే చదివాడు. నోటీసు ఇవ్వకపోతే దానికి బదులు ఇంత జీతం వదులుకోవాలని ఉద్యోగ ఒప్పందంలో షరతు ఉంటేనే ఆ కోత చెల్లుతుంది. ఆ చట్టం వీళ్ళకు వర్తిస్తుందా లేదా అన్నది వేరే చర్చ. వర్తిస్తుందనే అనుకున్నా, షరతు ఎక్కడుంది?

"మీకు అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చారా?" అని ఏడుగురినీ అడిగాను. ఎవరికీ ఇవ్వలేదు. ఎనభై నాలుగు మందిలో ఒక్కరికీ ఇవ్వలేదు. రేపు పర్మినెంట్ అడుగుతారని ఇవ్వకుండా దాచుకున్నారు. ఒప్పందమే కాగితం మీద లేనప్పుడు ఒప్పందంలోని షరతు కింద కోత ఎలా కోస్తారు? ఈ ఒక్క పాయింట్ మీద ఆ ఎనిమిది రోజుల డబ్బు చివరికి వెనక్కి వచ్చింది.

సబ్బులు, కొబ్బరినూనె

మళ్ళీ సమ్మె చేయాలంటే ఈసారి సరైన నోటీసుతో చేయాలని అనుకున్నాం. డిమాండ్లు రాసేటప్పుడు ఆడవాళ్ళు ముందు చెప్పింది జీతం కాదు. చేతి తొడుగులు, బూట్లు, నెలనెలా సబ్బులు, కొబ్బరినూనె. మురికి కాలవలో చేయి పెట్టే పనికి అవి అలవెన్సు కాదు, పనిముట్లు. పద్నాలుగు నెలలుగా రావడం లేదు. పెద్దావిడ తన అరచేతులు బల్ల మీద పరిచి చూపించింది. వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా పగిలి ఉంది.

నేను లేబర్ ఆఫీసులో పాత ఫైళ్ళ నకళ్ళకు దరఖాస్తు పెట్టాను. నోటీసు రాసే ముందు ఇది నా అలవాటు. ఆ ఫైల్లో ఒక కాగితం దొరికింది. అంతకు రెండేళ్ళ పైచిలుకు ముందు, ఇంకో యూనియన్ కన్సిలియేషన్ అధికారి ముందు కుదుర్చుకున్న సెక్షన్ 12(3) ఒప్పందం. మున్సిపాలిటీ సంతకం ఉంది, అప్పటి ఏజెన్సీ సంతకం ఉంది. సబ్బులు ఎన్ని, నూనె ఎంత, బూట్లు ఏడాదికి ఎన్ని జతలు, అన్నీ ఉన్నాయి. గడువు రెండేళ్ళు.

గడువు అయిపోయింది కదా అంటే, కాదు. సెక్షన్ 19(2) ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నామని ఎవరో ఒకరు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఆపైన రెండు నెలలు గడిచేదాకా అది బతికే ఉంటుంది. కన్సిలియేషన్‌లో కుదిరింది కాబట్టి సెక్షన్ 18(3) కింద ఆ యూనియన్‌లో లేని వీళ్ళకూ వర్తిస్తుంది. అది బతికున్నంత కాలం అందులోని విషయాల మీద సమ్మె చేస్తే సెక్షన్ 23(సి) అడ్డం. డిమాండ్ల పత్రంలో సబ్బులు, నూనె కూడా పెట్టి సమ్మెకు దిగితే, జీతం కోసం చేసిన సమ్మెకు కూడా అదే మచ్చ అంటుకుంటుంది.

ఇది చెప్పగానే గొడవయింది.

"సబ్బు, నూనె అడగకుండ సమ్మె ఏంది సారూ? మేం రోడ్డెక్కిందే దానికి."

"అడగొద్దనట్లేదమ్మా. సమ్మె నోటీసులో వద్దంటున్నా. దానికి వేరే పిటిషన్ వేద్దాం."

"పిటిషన్ అంటే ఎన్నేండ్లు?"

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. యజమాని ఒప్పందం ఉల్లంఘించాడు కాబట్టి, ఇవ్వని వస్తువులకు డబ్బు లెక్కగట్టి సెక్షన్ 33సి(2) కింద లేబర్ కోర్టుకు వెళ్ళొచ్చు. హక్కు ముందే ఖరారై ఉంది, లెక్క తేల్చడమే మిగిలింది. కాగితం మీద అది బలమైన కేసు. కానీ ఆమె అడిగింది బలం గురించి కాదు. ఆ రోజు మీటింగులోంచి ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మరుసటి వారం తిరిగొచ్చి వేలిముద్రలు వేశారు. ఎందుకు వచ్చారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండో నోటీసు

జనరల్ బాడీ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించాం. రాష్ట్ర నిబంధనల్లో ఉన్న ఫారం నింపాం. సంతకాలు కార్యదర్శివి, ఎన్నికైన ఐదుగురు ప్రతినిధులవి. జీతం బకాయి, పీఎఫ్, జీవో 60, తొమ్మిది చార్జిషీట్లు, కోత. డిమాండ్లు అంతే. సమ్మె తేదీ స్పష్టంగా రాశాం, ఇరవయ్యో రోజు ఉదయం ఐదు గంటల నుంచి అని.

మున్సిపాలిటీలోనూ లేబర్ ఆఫీసులోనూ ఒకేరోజు ఇన్‌వార్డు ముద్ర వేయించాం. ఆ రోజును సున్నా అనుకుందాం. ఏజెన్సీకి రిజిస్టర్డ్ పోస్టు చేస్తే తలుపుకు తాళం ఉందని రాసి వెనక్కి వచ్చింది. మళ్ళీ పంపితే మూడో రోజు అందింది. ఇలా తేదీలు వేర్వేరుగా ఉన్నప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటుంది. పద్నాలుగు రోజుల కింది హద్దును చివరగా అందిన తేదీ నుంచి లెక్కపెడతాను. ఆరు వారాల పై హద్దును మొదట అందిన తేదీ నుంచి లెక్కపెడతాను. రెండు వైపులా మనకే నష్టం, అందుకే ఎవడూ తప్పు పట్టలేడు. ఈ లెక్కన సమ్మె మొదలవ్వాల్సింది పద్దెనిమిదో రోజుకూ నలభై రెండో రోజుకూ మధ్య.

అసలు చిక్కు లేబర్ ఆఫీసు ముద్ర దగ్గరుంది. ప్రజోపయోగ సేవల్లో సమ్మె నోటీసు కన్సిలియేషన్ అధికారికి అందిన రోజే కన్సిలియేషన్ మొదలైనట్టు. సెక్షన్ 20(1) అలా అంటుంది. ఆయన పిలిచినా పిలవకపోయినా అంతే. మొదలయ్యాక సమ్మె నిషేధం. రాజీ కుదిరిందో లేదో పద్నాలుగు రోజుల్లో అధికారి ప్రభుత్వానికి రిపోర్టు పంపాలని సెక్షన్ 12(6) చెప్తుంది. సరే, పద్నాలుగు రోజులు దాటాక కూడా రిపోర్టు పోకపోతే? కన్సిలియేషన్ దానంతటదే అయిపోయినట్టా? కాదు. అంధేరీ మరోల్ కుర్లా బస్ సర్వీస్ కేసులో 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అధికారి ఆలస్యం చేసినా ప్రభుత్వానికి ఫెయిల్యూర్ రిపోర్టు అందేవరకు కన్సిలియేషన్ నడుస్తున్నట్టేనని. అందిన తర్వాత ఇంకో ఏడు రోజులు. ఇటు ఇది సాగుతూ ఉంటే అటు ఆరు వారాల గడువు కరిగిపోతూ ఉంటుంది. గడువు దాటితే నోటీసు చచ్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి ఇవ్వాలి. ప్రజోపయోగ సేవల్లో చట్టబద్ధంగా సమ్మె చేయడం ఎంత ఇరుకో ఈ రెండు గడువులనూ పక్కపక్కన రాసుకుంటే కనిపిస్తుంది.

ఐదో రోజు మొదటి విచారణ. ఏజెన్సీ రాలేదు. పదకొండో రోజు రెండోది. ఆ రోజు నాకు మిర్యాలగూడ కోర్టులో సాక్షి విచారణ ఉంది, పోలేకపోయాను. కార్యదర్శికి ఫోన్లో చెప్పాను, "ఏం చెప్పినా వినండి, జీతం తేదీ రాతలో అడగండి" అని. సంతకం గురించి చెప్పలేదు. ఏజెన్సీ మనిషి వచ్చి టైం అడిగాడు. అధికారి ప్రొసీడింగ్స్ రాయించి అందరి చేతా సంతకం చేయించారు. అందులో ఒక వాక్యం ఉంది, గడువు పొడిగింపుకు ఇరుపక్షాలూ అంగీకరించాయి అని. 12(6) కింద పొడిగింపు కావాలంటే అందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మా కార్యదర్శి హాజరు సంతకం అనుకుని పెట్టాడు.

ఆ సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో చూసి నాకు నోట మాట రాలేదు. అతన్ని అనడానికి లేదు. చెప్పాల్సింది నేను. ఆ సంతకం లేకపోతే పద్నాలుగో రోజు దాటగానే రిపోర్టు పంపమని గట్టిగా అడగొచ్చు. అధికారి మాట వింటారన్న గ్యారంటీ లేదు గానీ, అడిగే హక్కు మా దగ్గర ఉండేది. రిపోర్టు టైముకు పోయుంటే ఇరవై ఐదో రోజు ప్రాంతంలో దారి తెరుచుకునేది. ఇరవై ఎనిమిదో రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ఊరంతా చెరువుకట్టకు వచ్చే తొమ్మిది రోజులు. కమిషనర్‌కు టెన్షన్ అంటే అదే కదా.

ఇరవయ్యో రోజు పొద్దున కార్యదర్శి ఫోన్. "సార్, పద్నాలుగు దినాలు అయిపోయినయ్ గదా. మనం రాసిన తారీఖు గూడ వచ్చింది. దిగుదామా?"

"వద్దు."

"నోటీసు ఇచ్చినంక గూడ ఆగుడేంది సార్? మందికి ఏం చెప్పాలె?"

ఆగడం ఎంత కష్టమో నాకు ఫోన్లో తెలియలేదు. ముప్ఫై ఏడో రోజు తెల్లారి తెలిసింది. ముందురోజు రాత్రి సద్దుల బతుకమ్మ. నేను ఆ ఊరు వెళ్ళేసరికి ఆరు కాలేదు. చెరువుకట్ట పొడుగునా గునుగు, తంగేడు, బంతి కుప్పలు, తడిసిన తాంబాళాల కాగితాలు, సగం మునిగిన గుమ్మడి ఆకులు. ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పూలను గంపలకు ఎత్తుతున్నారు. రాత్రి వాళ్ళూ బతుకమ్మ ఆడినవాళ్ళే. పెద్దావిడ నన్ను చూసి గంప కింద పెట్టలేదు. "ఒక్క సంతకానికి గీ పూలన్నీ ఎత్తుతున్నం సారూ" అంది.

ఈ మధ్యలో ఏజెన్సీ ఒక తప్పు చేసింది, అది మాకు కలిసొచ్చింది. ఇరవై రెండో రోజు ఆరుగురు ఆడవాళ్ళను మస్టర్ (హాజరు పట్టీ) లోంచి తీసేశారు, డ్యూటీ టైంలో కరపత్రాలు పంచారని. కన్సిలియేషన్ నడుస్తుండగా ఆ వివాదంతో ముడిపడిన ఆరోపణ మీద ఎవరినైనా తీసేయాలంటే సెక్షన్ 33(1) కింద అధికారి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. మన చేతులు కట్టేసే కన్సిలియేషనే వాళ్ళ చేతులూ కడుతుంది. సమ్మె నోటీసుకు ఈ రెండో ముఖం ఉందని చాలామంది యూనియన్ వాళ్ళు గమనించరు. సెక్షన్ 33ఎ కింద ఫిర్యాదు ఇచ్చాం. ఇరవై ఆరో రోజు విచారణలో కమిషనర్ తరఫున వచ్చిన మేనేజరే ఏజెన్సీ మనిషిని పక్కకు పిలిచి మాట్లాడాడు. ఆరుగురూ మరుసటిరోజు మస్టర్లోకి వచ్చారు. ఒక నెల జీతం కూడా పడింది.

ఇరవై ఎనిమిదో రోజు అధికారి రాజీ కుదరలేదని రాశారు. ముప్ఫయ్యో రోజు రిపోర్టు డిస్పాచ్ అయింది. ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఏడు రోజులు లెక్కపెట్టాల్సింది డిస్పాచ్ నుంచి కాదు, ప్రభుత్వానికి అందిన రోజు నుంచి. అది మనకెవరూ ఉత్తరం రాసి చెప్పరు. కార్యదర్శి హైదరాబాద్ బస్సెక్కి, ప్రభుత్వ ఆఫీసులో రెండు పూటలు కూచుని, ఇన్‌వార్డు నంబరు, తేదీ రాయించుకుని వచ్చాడు. ముప్ఫై మూడో రోజు అందింది. నలభయ్యో రోజు వరకు నిషేధం. ఆరు వారాలు నలభై రెండో రోజుతో సరి. మాకు మిగిలింది రెండు రోజులు, నలభై ఒకటి, నలభై రెండు. డిస్పాచ్ తేదీని నమ్ముకుని ఉంటే మేము ముప్ఫై ఎనిమిదో రోజు, సరిగ్గా దసరా నాడు దిగేవాళ్ళం, మళ్ళీ చట్టవిరుద్ధం అయ్యేది.

నలభై ఒకటో రోజు ఉదయం ఐదింటికి సమ్మె మొదలైంది. ఎనభై నాలుగు మందిలో డెబ్బై ఎనిమిది మంది. గేటు దగ్గర ఎవరినీ అడ్డుకోవద్దని, ఏజెన్సీ ట్రాక్టరు వస్తే పక్కకు జరగమని ముందురోజే చెప్పి పెట్టాం. నాకున్న భయం ఒకటే. ప్రభుత్వం వివాదాన్ని ట్రిబ్యునల్‌కు రిఫర్ చేసి, సెక్షన్ 10(3) కింద సమ్మె ఆపమని ఉత్తర్వు ఇస్తే అక్కడితో అయిపోతుంది. రిఫరెన్స్ దానికదే చెడ్డదేమీ కాదు. ప్రజోపయోగ సేవలో సరైన నోటీసు ఉంటే, అది పనికిమాలిన నోటీసని గానీ రిఫర్ చేయడం తగదని గానీ ప్రభుత్వం అనుకుంటే తప్ప, రిఫర్ చేసి తీరాలని 10(1) చెప్తుంది. కానీ రెండు నెలల జీతం కోసం ట్రిబ్యునల్‌లో ఏళ్ళు తిరగడం ఎవరికి కావాలి?

అంతదూరం పోలేదు. నలభై మూడో రోజు మధ్యాహ్నం అధికారి మళ్ళీ పిలిచారు, సాయంత్రానికి 12(3) ఒప్పందం అయింది. బకాయి జీతం రెండు విడతల్లో. పీఎఫ్ చలాన్ల నకలు ప్రతి నెలా యూనియన్‌కు. తొమ్మిది చార్జిషీట్లు ఉపసంహరణ. కోసిన ఎనిమిది రోజులు వాపస్. జీవో 60 మీద మాత్రం ప్రభుత్వానికి రాస్తామన్న వాక్యం ఒక్కటే వచ్చింది, అది వచ్చినట్టు కాదు. రెండో సమ్మె రోజుల్ని అంతకుముందు పనిచేసిన ఆదివారాలకు సర్దుబాటు చేశారు. సమ్మె కాలానికి జీతం రావాలంటే అది చట్టబద్ధంగానూ ఉండాలి, న్యాయసమ్మతంగానూ ఉండాలని సిండికేట్ బ్యాంక్ కేసులో 1994లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మొదటి సమ్మె నాలుగు రోజులకు అందుకే మేము నోరెత్తలేదు. రెండోదానికి ఎత్తగలిగాం.

ఇప్పుడైతే

2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సెక్షన్ 62లో పాత 22వ సెక్షన్ ఎముకలు అలాగే ఉన్నాయి. కానీ ఇప్పుడు అది ప్రజోపయోగ సేవలకే కాదు, అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తిస్తుంది. జడ్చర్ల పోలేపల్లిలోని మందుల ఫ్యాక్టరీలో, కొత్తూరు వైపు చిన్న షెడ్డులో పనిచేసేవాళ్ళు కూడా పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాల్సిందే. ఇంతకుముందు, గెజిట్ లేకపోతే, వాళ్ళకు 23వ సెక్షన్ అడ్డంకులు మాత్రమే ఉండేవి. సగం మంది, లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా ఇప్పుడు అది సమ్మే. "సమ్మె అనొద్దు, అందరం లీవు పెడదాం" అనే పాత ఉపాయం ఇక పనికిరాదు.

జరిమానాలు యాభై రూపాయల దగ్గర లేవు. చట్టవిరుద్ధ సమ్మె చేసిన కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల వరకు, ప్రేరేపించినవారికి పదివేల నుంచి యాభై వేల వరకు. రెండింటికీ నెల రోజుల వరకు జైలు కూడా పడొచ్చు.

రెండు సంగతుల్లో మాత్రం మనకు కాస్త వెసులుబాటు వచ్చింది. ఆరు వారాల పై హద్దు అరవై రోజులైంది. మాకు మిగిలిన రెండు రోజులు కొత్త లెక్కలో ఇరవై రోజులయ్యేవి. కన్సిలియేషన్ కూడా నోటీసు అందిన రోజు కాకుండా అధికారి మొదటి సమావేశం జరిపిన రోజు మొదలైనట్టు. ఆ రోజు ఏదో ప్రొసీడింగ్స్ కాగితం మీదే తెలుస్తుంది కాబట్టి నకలు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. ముగిశాక ఏడు రోజుల నిషేధం అలాగే ఉంది. వివాదం ట్రిబ్యునల్‌లో ఉంటే, అది నడిచినంత కాలం, ముగిశాక అరవై రోజులు. నడుస్తున్న ఒప్పందంలోని విషయాల మీద సమ్మె నిషేధం కూడా అలాగే ఉంది. కాబట్టి పాత ఫైళ్ళు వెతకడం మానకూడదు.

ఆ కార్యదర్శి ఇప్పుడు ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టడు. బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం కూడా ఫోటో తీసి పంపి, "పెట్టొచ్చునా సార్" అని అడుగుతాడు.

సబ్బులు, కొబ్బరినూనె పిటిషన్ లేబర్ కోర్టులో నడుస్తోంది. తాము అన్నీ ఇచ్చామని మున్సిపాలిటీ కౌంటర్ వేసింది. స్టాక్ రిజిస్టర్ తెప్పించమని అడిగాం, వచ్చే వాయిదాకు తేవాలన్నారు. పెద్దావిడ ఆ వాయిదాకు నాతో వస్తానంది, రిజిస్టర్లో తన వేలిముద్ర ఎక్కడుందో తనే చూస్తుందట.